డెల్టా ఊళ్లకు జోనింగ్ నిబంధనలు తిరగరాయడం ఎలా

అక్టోబరులో మూడు రోజులు ముసురు పడితే చాలు, గోదావరి డెల్టాలో ఏ ఊరికెళ్లినా ఒకే మాట వినిపిస్తుంది: “మా చిన్నప్పుడు ఈ వీధిలో నీళ్లు నిలిచేవి కావండి.” ఆ మాట నిజమే. అప్పుడు ఆ వీధి వెనక వరిచేలు ఉండేవి. వాన నీరు చేలల్లోకి దిగి, బోదెల (చేల మధ్య చిన్న కాలువల) వెంట మురుగు కాలువకు చేరేది. ఇప్పుడు ఆ చేలు మూడు నాలుగు అడుగులు మెరక చేసిన ప్లాట్లు. బోదె రోడ్డు కింద ఎక్కడో పూడిపోయింది. ఇదంతా దొంగచాటుగా జరిగింది కాదు. చాలావరకు అనుమతులు తీసుకుని, మాస్టర్ ప్లాన్‌లో నివాసానికని పసుపు రంగు వేసిన చోటే కట్టారు. కట్టినవాళ్లను ఎంత తిట్టుకున్నా, ఆ రంగును అక్కడ వేసిన నిబంధన మారనంత కాలం పక్క చేను కూడా అదే దారి పడుతుంది.

డెల్టా పురపాలక సంఘాల్లో టౌన్ ప్లానింగ్ పని చేసినవాణ్ణి నేను. ఈ మార్గదర్శి కౌన్సిలర్లకు, వార్డు ప్లానింగ్ కార్యదర్శులకు, ఊరి గురించి పట్టించుకునే పౌర సంఘాలకు రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన జోనింగ్ పటాలు, అంటే ఏ భూమిని దేనికి వాడాలో చూపేవి, రోడ్లను చూసి గీసినవి. రోడ్డు పక్కన వాణిజ్యం, దాని వెనక నివాసం, ఆ వెనక వ్యవసాయం. డెల్టాలో పటం నీటిని చూసి గీయాలి. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మన నిబంధనలకూ ఆ పల్లం తెలియాలి.

1. ఏ చట్టం కింద సవరిస్తున్నారో ముందు తేల్చుకోండి

జోనింగ్ అంటే రెండు కాగితాలు. ఒకటి, ఏ సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూపే పటం. రెండోది, ఆ రంగులో ఏది కట్టొచ్చో, ఏది కట్టకూడదో, ఎంత ఖాళీ వదలాలో చెప్పే పాఠం. చాలా ఊళ్లలో గొడవంతా పటం మీదే జరుగుతుంది. పాఠాన్ని పక్క ఊరి నుంచి దింపుకుని సరిపెట్టేస్తారు. అసలు మార్పు రావలసింది పాఠంలో.

పురపాలక సంఘం పరిధిలో మాస్టర్ ప్లాన్‌కు పాత ఆధారం 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వచ్చే ఊరైతే 2016లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మెట్రోపాలిటన్ ప్రాంత, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం చూడాలి. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రాంతాలకు గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడింది. ఆ తరువాత డెల్టాలో ఇలాంటి సంస్థలు పెరిగాయి. మీ ఊరు, మీ ఊరిలో కలిసిన పంచాయతీలు ఏ సంస్థ కిందికి వస్తాయో రాతపూర్వకంగా తెచ్చుకోండి. యానాం మన మధ్యే ఉన్నా పుదుచ్చేరి పాలనలోది కాబట్టి అక్కడి పద్ధతి వేరు. కాలువ మాత్రం హద్దు చూసుకుని ఆగదు కదా, యానాం వైపు పారే మురుగు గురించి అక్కడి అధికారులతో కూడా మాట్లాడుకోవాలి.

రాజ్యాంగంలోని 12వ షెడ్యూలు పట్టణ ప్రణాళికను, భూ వినియోగ నియంత్రణను పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల్లో మొదట్లోనే పెట్టింది. 74వ సవరణతో వచ్చిన ఆ షెడ్యూలును కౌన్సిల్ తీర్మానంలో ఉదహరించండి. ఇది మన పని అని సభ్యులకు గుర్తు చేసినట్టవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. మొత్తం సవరణ వేరు, ఒక్క సర్వే నంబరుకు రంగు మార్చమని వచ్చే దరఖాస్తు వేరు. సవరణ పని మొదలైందని తెలియగానే రెండో రకం దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. పని పూర్తయ్యే దాకా వాటిని ముందుకు కదిలించబోమని మొదటి నెలలోనే తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపండి. లేకపోతే మీరు ఒక వైపు గీస్తుంటే ఇంకో వైపు చెరిగిపోతూ ఉంటుంది.

2. పాత నిబంధన ఎక్కడ విఫలమైందో రికార్డుల్లో వెతకండి

దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు. ఐదేళ్ల ఫైళ్లు తీయండి: తిరస్కరించిన భవన దరఖాస్తులు, అనుమతికి విరుద్ధంగా కట్టారని ఇచ్చిన నోటీసులు, భూ వినియోగ మార్పు కోసం వచ్చిన అర్జీలు, క్రమబద్ధీకరణ పథకాల్లో డబ్బు కట్టినవాళ్ల జాబితా, వానాకాలంలో నీళ్లు నిలిచాయని వచ్చిన ఫిర్యాదులు. ఒక్కో దానికి ఒక్కో రంగు చుక్క పెట్టి పటం మీద గుర్తించండి.

చుక్కలు ఒకచోట గుంపుగా పడ్డాయంటే అక్కడ నిబంధనకీ బతుక్కీ పొత్తు కుదరడం లేదని అర్థం. కింద కొట్టు, పైన ఇల్లు ఉన్న వీధి మొత్తానికి నోటీసులు వెళ్లాయనుకోండి, తప్పు ఆ వీధిది కాకపోవచ్చు. నీళ్ల ఫిర్యాదులు, క్రమబద్ధీకరించిన లేఔట్లు ఒకే చోట పడితే మాత్రం అక్కడ ఆగి చూడండి. తరువాతి అంకం దాని గురించే.

3. మట్టాలు, మురుగు: అసలు పని ఇక్కడే

ధవళేశ్వరం దాటాక భూమి సముద్రం వైపు ఎంత నెమ్మదిగా వాలుతుందంటే, కంటికి అంతా చదునుగానే కనిపిస్తుంది. అడుగు తేడా ఉంటే అది పెద్ద మెరక. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంట కాలువలు మెరక మీదుగా, మురుగు కాలువలు పల్లం వెంట సాగాయి. మన ఊళ్లు ఈ రెండింటి నడుమ పెరిగాయి. అందుకే ఊరి అసలు పటం అంటే పంట కాలువలు, మురుగు కాలువలు, వాటి మధ్య మట్టాలు. భీమవరానికి యనమదుర్రు, కోనసీమకు కౌశిక, తూర్పు డెల్టాకు తుల్యభాగ ఎంత ముఖ్యమో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. జోనింగ్ పటాల్లో మాత్రం ఇవి సన్నటి నీలి గీతలుగా మిగిలిపోతాయి.

ఉపగ్రహ చిత్రం మీద గీసిన పటం చాలదు. అమృత్ పథకం కింద జీఐఎస్ (కంప్యూటర్ పటాల) మాస్టర్ ప్లాన్లు 1:4000 స్కేలులో తయారు చేయించారు. ఇళ్లు, రోడ్లు అందులో బాగానే కనిపిస్తాయి. అరడుగు ఎత్తు తేడా కనిపించదు. లెవెల్ సర్వే విడిగా చేయించండి, పావు మీటరు తేడా కూడా తెలిసేలా. టెండరులో ఈ షరతు స్పష్టంగా రాయకపోతే మీటరుకొక గీత గీసి ఇస్తారు. డెల్టా ఊరికి అది ఎందుకూ పనికిరాదు.

సర్వేకు సరైన సమయం దాళ్వా (రెండో వరి పంట) కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వేసవి నెలలు. అప్పుడు కాలువ అడుగు కనిపిస్తుంది. తూము ఏ మట్టంలో ఉంది, కల్వర్టు ఖానా ఎంత వెడల్పు, ఎక్కడ ఇంటి గోడ కాలువలోకి జరిగింది, అన్నీ కొలవండి. మళ్లీ అక్టోబరులో వాన పడుతున్నప్పుడే అదే దారి వెంట నడవండి. వేసవిలో గీసిన దానికీ అప్పుడు కనిపించే దానికీ తేడా ఉంటుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇంకో సంగతి కూడా చూడాలి. పోటు సమయంలో మురుగు కాలువ పారదు, వెనక్కి తంతుంది. మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేట వేస్తే, సముద్రం వెనక్కి తీసే పాటులోనూ దిగదు. కాబట్టి ఒకే చోట పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి మట్టం తీసుకోవాలి.

మీతో నడవడానికి కాలువ లాకులు చూసుకునే లస్కరును పిలవండి. ఏ లాకు ఎత్తితే ఏ పేట మునుగుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు. ఇళ్లలో పెద్ద ఆడవాళ్లను అడగండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుమ్మం చూపించి చెబుతారు. 1996 నవంబరు తుపాను, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గుర్తులు కూడా తీసుకోండి. బడి గోడ మీద, గుడి అరుగు మీద ఉన్న గుర్తులను లెవెల్ యంత్రంతో కొలిపించి పటంలో అంకెలుగా వేయించండి. ప్రజా విచారణ రోజున “ఇక్కడ నీళ్లు రావు” అని ఎవరైనా లేస్తే జవాబు చెప్పేది ఆ అంకెలే.

ఇక లెక్క చూడండి. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 10 సెంటీమీటర్ల వాన పడితే ఎకరా మీద 400 ఘనపు మీటర్ల నీరు. జానెడు గట్టున్న వరిచేను ఆ వాననంతా తన కడుపులోనే పట్టుకుని నెమ్మదిగా వదులుతుంది. అదే చేనును మెరక చేసి ప్లాట్లు వేస్తే ఆ నీరు ఆ పూటే పక్కకు దొర్లుతుంది. వంద ఎకరాలు అలా మారితే 40,000 ఘనపు మీటర్లు. మీ ఊరి డ్రైను దానికి సిద్ధంగా ఉందా? పటంలో పసుపు రంగు వేయబోయే ప్రతి చేను దగ్గరా ఈ ప్రశ్న వేయాలి.

ఒక అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఆరెకరాల లేఔట్‌కు అనుమతి ఫైలు వచ్చింది. కాగితాలన్నీ సక్రమం. గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో (చేల కొలతల పుస్తకంలో) అక్కడ ఏ పోరంబోకూ లేదు. ఆ సార్వా (తొలి వరి పంట) సీజన్‌లో దాని ఎగువన ఉన్న చేలు నీరు దిగక నాట్లు కుళ్లిపోయాయి. వెళ్లి చూస్తే లేఔట్‌లో పూడ్చిన బోదె ఆ చేలన్నిటికీ మురుగు దారి. రైతులు తరాల కింద తమ పట్టా భూముల్లోనే తవ్వుకున్నది కాబట్టి ప్రభుత్వ రికార్డులో దానికి పేరే లేదు. ఆ ఫైలు మీద నా సంతకం కూడా ఉంది. ఆ రోజు నుంచి, రికార్డులో లేని బోదెను కూడా పటంలో ఎక్కించకుండా సవరణ మొదలుపెట్టకూడదని అందరికీ చెబుతూ వస్తున్నాను.

4. ఊరికి ఎంత భూమి కావాలో లెక్కేయండి

అవసరానికి మించి పసుపు రంగు పూయడం మన ఊళ్ల పాత జబ్బు. 80,000 జనాభా ఉన్న ఊరు ఇరవై ఏళ్లలో లక్షకు చేరుతుందని అనుకుందాం. పెరిగేది 20,000 మంది. హెక్టారుకు 125 మంది చొప్పున వేసుకుంటే కొత్తగా కావలసింది 160 హెక్టార్లు, అంటే దాదాపు 395 ఎకరాలు. ఊరి లోపల ఖాళీగా పడి ఉన్న పాత లేఔట్ ప్లాట్లను తీసేస్తే ఇంకా తగ్గుతుంది. అలాంటి ఊళ్లో ముసాయిదా రెండు వేల ఎకరాలను నివాస జోన్‌గా చూపిస్తోందంటే ఆ లెక్క ఎలా వచ్చిందో కౌన్సిల్ నిలదీయాలి. పసుపు పడగానే భూమి ధర పెరుగుతుంది, సాగు ఆగుతుంది, ఇల్లు మాత్రం పదిహేనేళ్లకు గానీ రాదు. ఈలోగా బోదె తీసే నాథుడుండడు.

మిగతా భూ వినియోగ సర్వే మామూలుగా చేసేదే. సర్వే నంబరు వారీగా వెళ్లండి. రైస్ మిల్లు, ఐస్ ఫ్యాక్టరీ, ఇటుక బట్టీ, కొబ్బరి వలిచే కళ్లం, రొయ్యల మేత గోదాము, అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ‘వ్యవసాయం’ అని ఒకే మాటతో వదిలేయకుండా వరి, కొబ్బరి తోట, చేపల చెరువు, రొయ్యల చెరువు అని విడదీయండి. ఉప్పునీటి చెరువు పక్కన వరి నిలవదు. నిబంధనలో ఆ రెంటికీ తేడా చూపాలి. ఆక్వా సాగుకు 2020 చట్టం కింద వేరే సంస్థ ఉంది కాబట్టి మీ పటం, వాళ్ల అనుమతుల జాబితా ఒకదానితో ఒకటి సరిపోయేలా చూసుకోండి.

5. జోన్లు తక్కువ, పై పొరలు ఎక్కువ

నివాస, వాణిజ్య, మిశ్రమ, పారిశ్రామిక, ప్రజా వినియోగ, హరిత, వ్యవసాయ: ఏడు జోన్లు చాలు. జోన్లు ఎక్కువైతే కార్యాలయంలో కిటికీ దగ్గర కూర్చునే ఉద్యోగికి అయోమయం, దళారికి పని. హద్దును ఎప్పుడూ సర్వే నంబరు గట్టు మీదో, కాలువ గట్టు మీదో, రోడ్డు మీదో ఆపండి. స్కేలు పెట్టి గీసిన గీత ఒకరి వంటింటి మధ్యగా పోతే ఆ ఇంటివాళ్లు ఇరవై ఏళ్లు ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

జోన్ల మీద నాలుగు పొరలు వేయండి. కింద ఏ రంగున్నా పొరలోని షరతు దానికి అదనంగా వర్తిస్తుంది.

మొదటిది నీటి దారి పొర. 2017 భవన నియమాలు 10 మీటర్లకు మించిన వెడల్పు గల కాలువ, డ్రైను అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు వదలమన్నాయి. పట్టణ పరిధిలో నదికి 50 మీటర్లు. ఇవి కనీసాలు. మీ లెవెల్ సర్వేలో ఎక్కడ ఎక్కువ కావాలని తేలితే అక్కడ ఎక్కువ రాయండి. పూడిక తీసే యంత్రం గట్టు మీద నడవడానికి చోటు మిగిలిందా లేదా అన్నది నేను ఎప్పుడూ చూసే పరీక్ష.

రెండోది వరద పొర. ఏటిగట్టు లోపలి లంకలు ఇందులోకి వస్తాయి. లంకల్లో కొత్త లేఔట్ వద్దు. కానీ తరతరాలుగా అక్కడున్నవాళ్లు ఇల్లు బాగు చేసుకోవడానికి, ఎత్తు మీద ఒక బడి, ఒక ఆశ్రయ భవనం కట్టుకోవడానికి నిబంధన అడ్డం రాకూడదు. నిషేధం అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకుంటే లంకల్లో ఉన్నవాళ్లకు అన్యాయం చేసినట్టే.

మూడోది తీర పొర. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్లు 2011లో, 2019లో వచ్చాయి. పోటు వచ్చే కాలువల వెంట కూడా ఇవి వర్తిస్తాయని చాలామందికి తెలియదు. మడ అడవి అత్యంత కఠినమైన విభాగంలో ఉంటుంది. కోరింగ చుట్టుపక్కల ఊళ్లు దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. ఆమోదం పొందిన తీర పటంలోని గీతనే తెచ్చి వేయాలి తప్ప సొంతంగా అంచనా వేయకండి.

నాలుగోది గ్యాస్ పైప్‌లైన్ పొర. 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. కోనసీమలో ఆ తెల్లవారుజామును ఎవరూ మరచిపోలేదు. పైప్‌లైన్ కోసం హక్కు తీసుకున్న పట్టీలో ఇల్లు కట్టకూడదని 1962 చట్టమే చెబుతోంది. కానీ ఆ పట్టీ ఎక్కడుందో మన జోనింగ్ పటాల్లో కనిపించదు. ప్లాటు కొనేవాడికి అది పటం మీదే కనిపించాలి.

6. పాఠం రాయడం

ఇక్కడ ఒక్కో మాటకూ ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. ‘తగినంత’, ‘వీలైనంత వరకు’, ‘అధికారి సంతృప్తి మేరకు’ లాంటివి కనిపిస్తే కొట్టేయండి. వాటి స్థానంలో అంకె రాయండి. అంకె రాయలేకపోతే ఆ నిబంధన ఇంకా ఆలోచించలేదని లెక్క.

ప్రతి జోన్‌కు మూడు గడుల పట్టిక చేయండి: నేరుగా అనుమతించేవి, షరతుల మీద అనుమతించేవి, అనుమతించనివి. పట్టికలో లేని వినియోగం వస్తే ఏం చేయాలో కూడా ఒక వాక్యం ఉండాలి. నివాస జోన్‌లో చిన్న కిరాణా కొట్టు, టైలరు, ట్యూషన్, డాక్టరు గారి గది మొదటి గడిలోనే పెట్టండి. మన ఊళ్లు అలాగే బతుకుతాయి. ఫంక్షన్ హాలు రెండో గడిలో, పార్కింగుకు, జనరేటరుకు, వంట మురుగుకు అంకెలతో షరతులు పెట్టి. రొయ్యల శుద్ధి కేంద్రం మురుగుశుద్ధి లేకుండా ఏ గడిలోనూ వద్దు.

బోదెల గురించి నేను రాసే వాక్యం ఇలా ఉంటుంది: “ఏ స్థలం మీదుగానైనా సాగునీరు గానీ మురుగునీరు గానీ పారే కాలువ, బోదె ఉంటే, అది ఎవరి పట్టాలో ఉన్నా, దాని వెడల్పు తగ్గించకూడదు, అడుగు మట్టం పెంచకూడదు. దారి మళ్లించాలంటే కొత్త దారి తవ్వి, నీరు పారించి చూపిన తరువాతే పాతది మూయాలి.” చివరి వాక్యం లేకపోతే పాతది ముందు పూడుతుంది, కొత్తది కాగితం మీదే ఉండిపోతుంది.

ఇంటి మట్టం సంగతి. మామూలుగా ‘రోడ్డు మట్టానికి ఇంత ఎత్తు’ అని రాస్తారు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త పొర పోస్తారు. పదేళ్లలో ఇల్లు గుంటలో పడుతుంది. పక్కింటాయన ఇంకా ఎత్తు లేపుతాడు. ఈ పోటీ ఆగాలంటే ఇంటి మట్టాన్ని రోడ్డుతో కాకుండా వార్డు బెంచ్‌మార్కుతో ముడిపెట్టాలి. ప్రతి వార్డులో బడి గోడ మీదో, నీళ్ల ట్యాంకు కాలు మీదో శాశ్వతంగా ఒక గుర్తు చెక్కించండి. నమోదైన వరద మట్టానికి 45 సెంటీమీటర్లు పైన ఇంటి నేల ఉండాలి అని రాయండి. దాంతోపాటే, ఇంటి అడుగు వరకే ఎత్తు చేయాలి, స్థలం మొత్తాన్ని కాదు అని కూడా. పల్లపు వార్డుల్లో పిల్లర్ల మీద ఇల్లు, కింద బండి పెట్టుకునే చోటు ఉంటే మట్టి తోలించే ఖర్చూ తగ్గుతుంది. కొత్త రోడ్డు వేసేటప్పుడు పాత పొర గీకి వేయాలన్న షరతు పురపాలక సంఘానికీ వర్తించాలి. జనానికి ఒక నిబంధన, మనకు ఒక నిబంధన అంటే ఎవరూ వినరు.

లేఔట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్నది అందరికీ తెలిసిందే. దాన్ని ఎక్కడ వదలాలో, ఏ మట్టంలో ఉంచాలో మన పాఠంలో ఉండదు. అందుకే మూలనున్న పనికిరాని ముక్కను మెరక చేసి, గేటు పెట్టి చూపిస్తారు. ఆ పది శాతాన్ని లేఔట్‌లో అన్నిటికంటే పల్లపు చోట, మెరక చేయకుండా, చుట్టూ ప్లాట్లకంటే మీటరు దిగువన ఉంచితే ఎకరాకు సుమారు 400 ఘనపు మీటర్ల చోటు దొరుకుతుంది. పైన చెప్పిన 10 సెంటీమీటర్ల వాన సరిగ్గా అంతే. వానాకాలంలో భూగర్భ నీరు పైకి వచ్చి గుంట ముందే నిండిపోతుందనేది నిజమే. కాబట్టి దానికి డ్రైనులోకి తూము ఉండాలి, తూము మట్టం సర్వేను బట్టి పెట్టాలి. ఎండాకాలంలో అది పిల్లల ఆటస్థలం. సవరణ మొత్తంలో ఒకే ఒక్క మార్పు సాధించగలమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

పాత కట్టడాల గురించి ఒక అధ్యాయం తప్పదు. చట్టబద్ధంగా ముందే ఉన్న రైస్ మిల్లు చుట్టూ ఇళ్లొచ్చి ఆ ప్రాంతం నివాస జోన్ అయితే, మిల్లు అక్రమం కాదు. నడవనివ్వాలి, విస్తరించనివ్వకూడదు. ఎన్నేళ్లు మూతపడి ఉంటే ఆ హక్కు పోతుందో రాయాలి. అనుమతి లేకుండా కట్టినవాటిని ఈ గాటన కట్టకండి.

రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవాళ్లకు టీడీఆర్ (బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కుల) బాండ్లు ఇస్తారు కాబట్టి, స్థలం విలువ ఏ రోజు నాటి వినియోగం ప్రకారం కట్టాలో పాఠంలోనే తేల్చేయండి. చేనును ఇళ్ల స్థలంగా విలువ కడితే ప్రజల సొమ్ము బాండ్ల రూపంలో పోతుంది.

7. ప్రకటించే ముందు పరీక్షించండి

ఊళ్లోంచి ఇరవై స్థలాలు ఎంచుకోండి: సందులో రెండు సెంట్ల ఇల్లు, మెయిన్ రోడ్డు మీద పాత కొట్టు, డ్రైను పక్క ప్లాటు, కొబ్బరి తోట, మిల్లు ఆవరణ ఇలా. ముసాయిదాను వార్డు ప్లానింగ్ కార్యదర్శుల చేతికి ఇచ్చి, ఏ సాయమూ లేకుండా ఒక్కో స్థలానికి జవాబు రాయమనండి. ఇద్దరు కార్యదర్శులు ఒకే స్థలానికి రెండు జవాబులు రాస్తే లోపం వాక్యంలో ఉంది. రెండు సెంట్ల స్థలంలో ఖాళీలు వదిలాక గది కూడా మిగలకపోతే ఆ నిబంధనను పేదవాళ్లు పాటించలేరు. పాటించలేని నిబంధన చివరికి లంచానికి దారి తీస్తుంది.

8. జనం ముందు పెట్టడం

చట్టంలో అభ్యంతరాలకు గడువు ఉంటుంది. అది కనీసం. మీరు రెండు నెలలు ఇవ్వండి. నాట్ల సమయంలో, కోతల సమయంలో విచారణ పెట్టకండి. డెల్టా ఊళ్లకు మంచి సమయం సంక్రాంతి. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న పిల్లలు, భూములున్నవాళ్లు అందరూ అప్పుడు ఊళ్లోనే ఉంటారు. పండగకు వారం ముందు పటాలు సచివాలయాల్లో, బస్టాండులో, మార్కెట్ యార్డులో వేలాడదీస్తే కనుమ నాటికి ఊరంతా చూస్తుంది.

పటం పక్కనే సర్వే నంబర్ల జాబితా తెలుగులో పెట్టాలి: పాత జోన్, కొత్త జోన్, వర్తించే పొరలు. రీసర్వే జరిగిన చోట పాత నంబరు, కొత్త ఎల్‌పీఎం (భూ కమత పటం) నంబరు రెండూ ఉండాలి. రంగుల పటం చూసి తన చేను గుర్తుపట్టగలిగేవాళ్లు తక్కువ. నంబరు అయితే ప్రతి రైతుకూ నోటికొచ్చు.

నోటీసు పట్టాదారుకు వెళుతుంది. చేనులో దిగి సాగు చేసేది మాత్రం చాలాచోట్ల కౌలు రైతు. రంగు మారితే మొదట బతుకు పోయేది ఆయనకే. బోదె ఎటు పారుతుందో బాగా తెలిసింది కూడా ఆయనకే. రైతు సేవా కేంద్రం (ఇదివరకటి రైతు భరోసా కేంద్రం) దగ్గర ఒక సాయంత్రం ప్రత్యేకంగా వాళ్ల కోసం కూర్చోండి. చేపలు పట్టేవాళ్లతో మొగ దగ్గర మరో సాయంత్రం.

వచ్చిన ప్రతి అభ్యంతరానికీ నంబరు వేసి, ఒప్పుకున్నారో లేదో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఆ పుస్తకాన్ని బయట పెట్టండి. ఇది చాలా శ్రమ. కానీ తన మాట విన్నారని తెలిసినవాడు తరువాత కోర్టుకు వెళ్లడం తక్కువ. విన్నా కాదన్నారంటే ఎందుకన్నారో కోర్టుకూ తెలుస్తుంది.

9. తీర్మానం నుంచి గెజెట్ దాకా

కౌన్సిల్ తీర్మానం, టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ కార్యాలయం పరిశీలన, ప్రభుత్వ ఆమోదం, గెజెట్ ప్రకటన. ఇందులో మీ చేతిలో ఉండేది తక్కువ. ఒక్కటి మరచిపోవద్దు: అమలు తేదీకి ముందు దాఖలైన దరఖాస్తులను పాత నిబంధన కింద చూడాలా, కొత్తదాని కిందా అన్న వాక్యం. అది లేకపోతే ముందు రోజు రాత్రి దాకా పాత తేదీలతో ఫైళ్లు పుడతాయి. ఆన్‌లైన్ అనుమతుల విధానంలో కొత్త పటం, పొరలు ఎక్కిన తరువాతే అమలు తేదీ మొదలయ్యేలా చూసుకోండి. కాగితం మీద కొత్త నిబంధన, కంప్యూటర్లో పాతది ఉంటే గెలిచేది కంప్యూటరే.

10. మొదటి వానాకాలం

అమలైన తరువాత వచ్చే మొదటి అక్టోబరులో ఒక పటం, ఒక పెన్సిలు, టార్చి లైటు పట్టుకుని వార్డు కార్యదర్శితో బయల్దేరండి. వాన ఆగకముందే వెళ్లాలి. నీళ్లు నిలిచిన ప్రతి చోటా ఎంత లోతో, ఎన్ని గంటలున్నాయో గీయండి. కొత్త లేఔట్‌లో వదిలిన పల్లం నిండిందా, తూము పారుతోందా, డ్రైను గట్టు మీద యంత్రం వెళ్లే దారిలో ఎవరైనా ప్రహరీ లేపారా చూడండి. బెంచ్‌మార్కు గుర్తు మీద ఎవరైనా సున్నం కొట్టేశారేమో కూడా. ఆ పటం మీద తేదీ వేసి, సంతకం చేసి, అసలు ఫైలులోనే కుట్టించండి. అలాంటివి ఐదు పటాలు పోగయ్యాక తరువాతి సవరణకు కూర్చోండి.